ఏడో నిబంధనకు పదహారు ముద్రలు

మే 14, గురువారం
మూడో వరస, మొదటి ఇంటి నుంచి
అదే వరస, పదిహేడో ఇంటికి

శ్రీమతి ఇనగాకి చిజురు గారికి,

కుమగాయి తొమోయె నమస్కరించి రాయునది.

కొత్త తేయాకు కోతలు అయిపోయినా కొండవాలు మీది నుంచి ఆ పచ్చివాసన ఇంకా దిగివస్తూనే ఉన్న ఈ రోజుల్లో, మీరూ మీవారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇక్కడ అంటే, మన వరస చుట్టు తిరిగొచ్చి మొదటి ఇల్లూ చివరి ఇల్లూ కలిసే చోట, మీ వంటింటి కిటికీకి ఆరడుగుల దూరంలో. ఈ వాక్యం రాస్తుండగానే అన్నం అయిందని మీ కుక్కర్ పాట పాడింది.

మీరు నాతో మాట్లాడక నేటికి ఆరు నెలల ఐదు రోజులు. డిసెంబరులో మీ గేటుకి ఒక సంచి కమలాలు తగిలించాను. పన్నెండు. మర్నాడు పొద్దున అదే సంచి మా గేటుకి వేలాడుతోంది. లెక్కపెట్టాను, పన్నెండూ ఉన్నాయి. కొత్త సంవత్సరం కార్డుకి జవాబు లేదు. వీధిలో ఎదురుపడితే మీరు వంగి నమస్కారం పెడుతున్నారు. ఇరవై రెండేళ్లలో మీరు నాకు నమస్కారం పెట్టిందే లేదు. దానికంటే తిట్టినా బావుండేది.

ఇన్నేళ్లు నువ్వు అని పిలిచిన మనిషిని మీరు అని రాయాలంటే చెయ్యి సాగడం లేదు. ఇక్కడి నుంచి నువ్వు అనే రాస్తాను. కోపం వస్తే ఆ నువ్వులన్నీ పెన్సిలుతో కొట్టేసుకుంటూ చదువు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, సోమవారం కూరల దుకాణం దగ్గర ఒగిసో అమ్మమ్మ కనిపించింది. "ఏమే, మీ ఇనగాకి ఆ ఎగిరే బొమ్మని చిన్న లోహ వస్తువుల చెత్తసంచిలో వేసేసిందట, నీకు తెలుసా? ఇరవై ఎనిమిదిన బండికి ఇచ్చేస్తుందట" అంది. నాకు తెలియదు. ఆరడుగుల దూరంలో ఉండి, ఎనభై ఆరేళ్ల ఆవిడ చెబితే తెలిసింది. ఇరవై ఎనిమిదిలోగా నువ్వు ఇది చదవాలి. (చదివాక కూడా పారేస్తానంటే నీ ఇష్టం. కానీ బ్యాటరీ విడిగా తీసి వేరే సంచిలో వెయ్యాలి. నువ్వు ప్రతిసారీ మర్చిపోతావు.)

ఏ సంగతైనా మొదటి నుంచి చెప్పకపోతే నాకు అన్నం అరగదని మా ఆయన అంటాడు. అందుకని నీకు తెలిసిందే అయినా మొదటి నుంచే చెబుతాను.

నవంబరు 9, ఆదివారం, వాడ సంఘం సమావేశం. అధ్యక్షుడు తోకునాగా గారు స్టేషన్ మాస్టరుగా రిటైరై ఎనిమిదేళ్లయినా, ఏ మాట చెప్పాలన్నా రైలొస్తున్నట్టు వేలు చాచి చూపిస్తారు కదా. ఆ రోజు వేలు పైకప్పు వైపు చాచి, "వంద గ్రాములు దాటితేనే ప్రభుత్వ చట్టం వర్తిస్తుందట. ఇనగాకి గారి యంత్రం తొంభై తొమ్మిది! ఆ ఒక్క గ్రాము సందులోంచి మన వాడ ప్రశాంతత ఎగిరిపోతోంది. ఆడవాళ్లు బట్టలు ఆరేసుకోవద్దా?" అన్నారు. వెనక నుంచి ఒగిసో అమ్మమ్మ, "నేనారేసిన లోబట్టలు చూడ్డానికి విమానం పంపేవాడెవడైనా ఉంటే చెప్పండయ్యా, పిలిచి టీ ఇస్తాను" అంది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. అంతటితో అయిపోయేదే.

అప్పుడు నేను లేచాను, చేతిలో నోటుబుక్కుతో.

నా నోటుబుక్కుల సంగతి నీకు తెలుసు. చెత్తబండి ఎన్నింటికి వచ్చింది, ఏ వాన ఎంతసేపు కురిసింది, ఊరగాయ ఏ రోజు పెట్టాను, ఏ రోజు మూత తీశాను, అన్నీ ఉంటాయి. నీ డ్రోన్‌కి కూడా గడులు గీశాను. తేదీ, సమయం, ఎంతసేపు, చూసిందా విన్నదా. సెప్టెంబరు 2 నుంచి నవంబరు 7 వరకు పద్నాలుగు సార్లు అని, తేదీలతో సహా చదివాను. చివరి గడి మాత్రం చదవలేదు. ఎవరూ అడగలేదు. చదవడం అయ్యేసరికి ఇందాక నవ్వినవాళ్లంతా నీ వైపు తిరిగి ఉన్నారు. "నేను అన్నిసార్లు ఎగరెయ్యలేదు తొమోయె" అన్నావు నువ్వు. "రాసి ఉంది" అన్నాను నేను.

ఆ తర్వాత మనం మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ నుంచి వరస బాధ్యత వంతు నాకు వచ్చింది. దానితో పాటు డ్రోన్ నిబంధనలు రాసే పని కూడా. నోటుబుక్కు ఉన్నది ఆవిడ దగ్గరే కదా అని తోకునాగా గారు నాకే అప్పగించారు. ఆ నోటుబుక్కులో ఇంకా రాస్తూనే ఉన్నానని అప్పుడు ఎవరికీ తెలియదు. శీతాకాలమంతా ఆ శబ్దం వినిపిస్తూనే ఉంది. నువ్వు పంతం పట్టి ఎగరేస్తున్నావనుకుని, నేనూ పంతం పట్టి రాస్తూ వచ్చాను.

ఏప్రిల్ 21న నువ్వూ మీవారూ మీ చెల్లెలితో వేడినీటి ఊటలకు వెళ్లారు. మూడు రోజులు మీ పేపర్లు బయటే పడి ఉన్నాయి. 22న పొద్దున ఆరూ నలభైకి బట్టలు ఆరేస్తున్నాను. అదే శబ్దం, జుయ్యిమని. తువ్వాళ్లు అడ్డంగా ఉండి ఏమీ కనపడలేదు. అలవాటు కొద్దీ రాసేశాను: ముప్పై ఒకటి. రాశాక చెయ్యి ఆగింది. నువ్వు ఊళ్లో లేవు.

తడి తువ్వాలు భుజాన ఉండగానే శబ్దం వెంట నడిచాను. నాలుగిళ్లు దాటాక దొరికింది. తోకునాగా గారు బనీనుతో వరండాలో నిలబడి, గడ్డం ఆకాశానికెత్తి, కొండను చూసుకుంటూ కరెంటు మిషనుతో గీసుకుంటున్నారు. మిషను మెడ దగ్గరికి వచ్చేసరికి శబ్దం కొంచెం మారింది. "మలుపు తిరిగింది" అని నేను ఎన్నిసార్లు రాసుకున్నానో, అదే మార్పు.

"ఏమ్మా, పొద్దున్నే నోటీసేమైనా ఉందా?" అన్నారు.

"లేదండీ, ఊరికే. అక్కడ నున్నగా వస్తోందా అండీ?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"వెలుతురు బావుంటుందని ఆగస్టు నుంచి బయటే గీసుకుంటున్నా" అన్నారు, ఎవరైనా అడిగినందుకు సంతోషపడిపోతూ.

ఇంటికొచ్చి సెప్టెంబరు నుంచి మళ్లీ చూశాను. నీ మీద చదివిన పద్నాలుగులో పదకొండు పొద్దున ఆరూ నలభైకి, నలభై ఐదుకి మధ్య. అవన్నీ అధ్యక్షుల వారి గడ్డం. రెండు సోమవారాలు పది గంటలకు విన్నవి, తేయాకు వాలు మీద కలుపు కోసే మిషను. ఒకటి మిగిలింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

తోకునాగా గారికి కావలసింది ఒకే వాక్యం: మన వాడలో డ్రోన్లు ఎగరేయరాదు. నేను ఎనిమిది నిబంధనలు రాసి తీసుకెళ్లాను. ఆయనకు పొడుగు కాగితమంటే గౌరవం. ముందురోజు గేటుకి పసుపు గుడ్డ కట్టాలి, బట్టలారే వేళ పది గంటల దాకా వద్దు, కొండమీది గుడి కప్పుకంటే ఎత్తు వద్దు, ఎవరి పెరటి మీదికైనా వాళ్లు పిలిస్తేనే వెళ్లాలి, ఇలా. కష్టపడి చదివితే తెలుస్తుంది, ఆ ఎనిమిదింటికీ కలిపి అర్థం ఒకటే: ఆదివారం పది దాటాక నువ్వు ఎగరేసుకోవచ్చు. ఆయన వేలితో ఒక్కో పంక్తినీ చూపించుకుంటూ పోయి, నాలుగో పంక్తి దగ్గర అలిసిపోయి, "బావుందమ్మా, నోటీసు అట్టలో పెట్టి ఇంటింటికీ తిప్పు. సంతకం బదులు అందరి పేరు ముద్రలూ పడితే వచ్చే ఏప్రిల్ దాకా ఇదే మన చట్టం" అన్నారు.

ఇల్లిల్లూ తిరిగే నోటీసు అట్టను మనవాళ్లు చదువుతారా లేదా అని నాకు ఎప్పటి నుంచో అనుమానం. మా ఆయన్ని అడిగాను. "ఎవరు చదువుతారే? నేనైతే చెత్తబండి తేదీ చూసి ముద్ర కొట్టేస్తా. కింద నాకు ఉరిశిక్ష రాసున్నా కొట్టేస్తా" అన్నాడు. సరే తేల్చుకుందామని ఏడో నిబంధన తీసేసి, దాని చోట ఇలా రాశాను: "ఎగరేయువారు, ఎగరేయుచున్నంతసేపు, ఇరుగుపొరుగుకు తెలియునట్లు గట్టిగా పాట పాడుచుండవలెను."

అట్ట మే నెల మొదట్లో బయలుదేరింది. ఒగిసో అమ్మమ్మ ఎప్పటిలాగే దాన్ని మూడు రోజులు, కాళ్లు వెచ్చబెట్టుకునే దుప్పటి బల్ల కింద మర్చిపోయింది. తొమ్మిదో ఇంటి మురసె గారి భార్య ఎప్పటిలాగే ఊరగాయ జాడీ మీద మూతగా పెట్టుకుంది, వాసన పట్టింది. తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. పదహారు ఇళ్లు, పదహారు ముద్రలు. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. తోకునాగా గారు పెద్ద ముద్ర, చిన్న ముద్ర రెండూ వేశారు.

పదహారోది నీది. కొంచెం వంకరగా పడింది. నువ్వు ఎప్పుడూ ముద్ర స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా వేస్తావు. పాటల బృందంలో నిన్ను పెదవులు మాత్రం కదిపితే చాలన్నారే, ఆ కబురు మోసుకొచ్చిందాన్ని నేనే. పాట అనే మాట చదివి నవ్వావేమో, చెయ్యి కదిలిందేమో అనుకున్నాను. ఆ వంకర ముద్రను చూసుకునే ఇంత ఉత్తరం రాసే ధైర్యం చేశాను.

పోస్టులో వేస్తే నా చేతిరాత గుర్తుపట్టి తిప్పి పంపుతావు. గంట కొడితే తలుపు తియ్యవు. అట్ట వస్తే మాత్రం తెరవక తప్పదు. చివరి ఇల్లు నీది, అన్ని కాగితాలూ చూసి నాకు అప్పజెప్పాల్సింది నువ్వే. కాబట్టి కాలవల శుభ్రత నోటీసుకీ, చెత్త తేదీల కాగితానికీ మధ్య ఈ ఉత్తరాన్ని పెడుతున్నాను. నేరుగా ఆరడుగులే కదా అంటావేమో, కానీ అట్ట రెండో ఇంటి నుంచే తిరగాలి. దాన్ని ఎదురు తిప్పినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. తొమ్మిది రోజులంటే 23కి నీకు చేరుతుంది, ఇరవై ఎనిమిదికి ఐదు రోజుల ముందే. మధ్యలో పదిహేను ఇళ్లున్నాయి. భయం లేదు. ఒక్క పంక్తి ఏడో నిబంధనే చదవనివాళ్లు ఇన్ని పేజీలు చదువుతారా?

దాన్ని పారెయ్యొద్దు చిజురూ. నోటుబుక్కు తప్పు. నా తప్పు.

మీ వారికి నమస్కారాలు.

ఇట్లు,
తొమోయె

తా.క. మిగిలిన ఆ ఒక్కటి గురించి రాయకుండా మడిచేద్దామనుకున్నాను. అక్టోబరు 17, మధ్యాహ్నం మూడూ పది, తొమ్మిది నిమిషాలు. మొత్తం నోటుబుక్కులో "చూసింది" అన్న గడిలో గుర్తు ఉన్నది దానికొక్కదానికే. తుఫాను వెళ్లిన మర్నాడు. మా కప్పు మీద పెంకు జారిందేమో చూసిపెట్టమని నేనే నిన్ను అడిగాను. మా పెరట్లోనే నిలబడి ఎగరేశావు. చిలగడదుంప మిఠాయితో టీ తాగి వెళ్లావు. సాయంత్రం అలవాటుగా రాసుకున్నాను. సమావేశంలో అది కూడా చదివాను. చదువుతున్నప్పుడు అది ఏ రోజో నాకు గుర్తుంది. అయినా ఆపలేదు. ఆ బొమ్మ కొన్నాక నువ్వు గురువారం పది గంటల టీకి రావడం మానేశావు. ఆ నోటుబుక్కులో మొదటి పేజీ డ్రోన్‌ది కాదు, నువ్వు రాని గురువారాలది. ఆ బొమ్మను ఎవరైనా ఆపేస్తే మళ్లీ వస్తావనుకున్నాను. ఇవాళ కూడా గురువారమే.


మే 18, సోమవారం

తొమోయెకి,

చిజురు రాసేది. నీలాగా తేయాకు వాసనతో మొదలుపెట్టడం నాకు రాదు. నీ ఉత్తరం అందింది. పదిహేను ముద్రలతో అందింది.

అవును. అందరూ చదివారు. తొమ్మిది రోజులు పట్టే అట్ట నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఒగిసో అమ్మమ్మ అదే సాయంత్రం కర్ర పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లి, "ముందు ఇది చదువు, అన్నం తర్వాత వండుకోవచ్చు" అందట. నీ వాక్యాల పక్కన, అంచుల్లో, పెన్సిలుతో జవాబులు కూడా ఉన్నాయి. అమ్మమ్మ: "అది చిలగడదుంప మిఠాయి కాదు, చెస్ట్‌నట్‌ది. చేసి ఇచ్చింది నేను. రాసుకునేవాళ్లు సరిగ్గా రాసుకోవాలి." మురసె గారి భార్య: "మా ఊరగాయ వాసన ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే మొహం మీదే చెప్పొచ్చు. ఈసారి మూతకి పళ్లెం పెట్టాను." పన్నెండో ఇంటివాళ్లు: "ఏడో నిబంధన నిజంగా ఉందా అని పాత కాగితం తీసి చూశాం. ఉంది. మా ముద్రా ఉంది."

గడ్డం పేజీలో తోకునాగా గారు రెండు ముద్రలూ వేసి, కింద అందమైన రాతలో ఇలా రాశారు: "రేపటి నుంచి స్నానాలగదిలో గీసుకుంటాను. ఇనగాకి గారికి క్షమాపణలు. ముద్రలు పడినందున ఏడో నిబంధన ఏప్రిల్ దాకా చెల్లుతుంది." ఆయన తలుపు మూసుకుని గీసుకుంటే చెంప మీద ఒక పక్క మిగిలిపోతోందట, వాళ్లావిడ చెప్పింది.

నీ తా.క. పక్కన మాత్రం ఎవరూ ఒక్క మాట రాయలేదు. కానీ ముద్రలు ఎక్కువ అక్కడే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ. కింద మూలన ఒక్క ముద్రకి చోటు వదిలారు.

నాకు ఇంకా కోపంగానే ఉంది, తెలుసుకో. పద్నాలుగు అన్నందుకు కాదు. "రాసి ఉంది" అన్నావు చూడు, అందుకు. నోటుబుక్కు మాట నమ్మి పక్కనున్న మనిషి మాట నమ్మలేదు. గురువారాలు రావడం లేదని నోటితో ఒక్కసారి అడిగుంటే, బొమ్మను జేబులో వేసుకుని వచ్చేదాన్ని. మన సంగతి చివరికి పదిహేను ఇళ్లు తిరిగి రావాల్సి వచ్చింది.

24 ఆదివారం, పది దాటాక ఎగరేస్తున్నాను. శనివారం పసుపు గుడ్డ కడతాను. చట్టం కాబట్టి పాడతాను, మొదటి చరణం నుంచి చివరి దాకా, గొంతెత్తి. పెదవులు మాత్రం కదపమన్న పాటల బృందం వాళ్లకు కూడా కబురు పంపాను. వినలేని వాళ్లు వచ్చే ఏప్రిల్ సమావేశంలో చెప్పుకోవచ్చు. నువ్వు నోటుబుక్కు తెచ్చుకో. "చూసింది" గడిలోనే రాయాలి.

ఇట్లు,
చిజురు

తా.క. సంచిలో వేసిన మాట నిజం. బ్యాటరీ తీయడం మర్చిపోయిన మాటా నిజం. నీ ఉత్తరం రాకముందే, పోయిన మంగళవారం, దాన్ని తీద్దామని సంచి విప్పి, ఇంకా పనిచేస్తుందా అని పెట్టి చూశాను. అందులో ఒకే వీడియో ఉంది. అక్టోబరు 17ది. మీ పెంకులు కాసేపు కనిపిస్తాయి, అంతా సవ్యంగానే ఉన్నాయి. మిగతాదంతా నువ్వే. పెరట్లో నిలబడి, మెడ వెనక్కి వాల్చి, రెండు చేతులూ ఊపుతూ ఆ బొమ్మకి టాటా చెబుతున్నావు. తొమ్మిది నిమిషాలూ. అది నీ నోటుబుక్కులో రాయలేదు కదా. ఆ మంగళవారం నుంచే బొమ్మ మళ్లీ అలమర మీద ఉంది.

అట్టను ఈసారి గేటుకి తగిలించను. తెచ్చి గంట కొడతాను, నీళ్లు మరగబెట్టు. అన్ని కాగితాలూ సరిచూశాను, వదిలిన చోట నా ముద్ర కూడా వేశాను. పదహారోది. నిటారుగా వెయ్యాలనే చూశాను తొమోయె, మళ్లీ వంకరగానే పడింది.